చదవదగ్గది ఏరుకోవడం ఎలా: చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లకు

ఫోన్లో సేవ్ చేసుకున్న వ్యాసాలు వందల్లో ఉంటాయి. చివరిదాకా చదివినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చాలామంది పరిస్థితి ఇదే. చరిత్ర, సంస్కృతి, టెక్నాలజీ, మన దేశంలో మనుషులు బతికే తీరు, వీటి మీద కొత్తగా వస్తున్న రాతల్లో పనికొచ్చేదాన్ని పట్టుకోవడం, తీరిగ్గా చదవడం, ఇంకొకరికి పంపడం ఎలాగో చెబుతాను.

పద్ధతి చిన్నదే. తక్కువ చదవాలి, కానీ చదివినదాని మూలం దాకా వెళ్లాలి. చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ రెండో పని మిగతా ఊళ్లవాళ్లకంటే సులువు. ఈ ఊరు చాలాకాలం తెలుగు అచ్చుకు రాజధాని. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టింది, దినపత్రికగా నిలదొక్కుకున్నది మాత్రం 1914లో ఇక్కడికి వచ్చాకే. భారతి 1924లో, ఆంధ్రప్రభ 1938లో, చందమామ 1947లో ఇక్కడే మొదలయ్యాయి. కొత్త వ్యాసం పొద్దున ఫోన్లో చదివి, అది చెబుతున్న పాత కాగితాన్నో రాతినో మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లి చూడొచ్చు.

ముందు ఒక ప్రశ్న పెట్టుకోండి

"చరిత్ర చదువుతాను" అనుకుంటే ఏమీ చదవరు. నెలకు ఒక ప్రశ్న చాలు. అది మీ ఇంటి గుమ్మం దగ్గరే పుడితే ఇంకా మంచిది. మా అపార్ట్‌మెంట్ కొళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లేనా? రోజూ పార్సిల్ తెచ్చే అబ్బాయికి రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? గుంటూరు పక్కనుండే అమరావతి రాళ్లు ఎగ్మోర్‌లో ఎందుకున్నాయి?

నీళ్ల ప్రశ్నే చూడండి. చెన్నైకి నీళ్లివ్వడానికి కృష్ణా పరీవాహక రాష్ట్రాలు మూడూ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం రాసుకున్నాయి. దారిలో ఆవిరైపోయేదానికీ భూమిలో ఇంకిపోయేదానికీ 3 టీఎంసీలు పోగా 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దులో అందాలి. పూండి జలాశయానికి మొదటిసారి నీళ్లు చేరింది 1996లో. ఈ నాలుగు ముక్కలు తెలిశాక "ఆంధ్రా నీళ్లు ఆపేసింది" అనే వార్తని మీరు చదివే తీరే మారిపోతుంది. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ నెలల్లో అని వెతుకుతారు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువుల్లో నీళ్లెంత ఉన్నాయో మెట్రోవాటర్ రోజూ తన వెబ్‌సైట్లో పెడుతుంది. వార్త పక్కన అది తెరిచి పెట్టుకోండి.

ప్రశ్న ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. దానికి సంబంధం లేని లింకు ఎంత ఊరించినా నిశ్చింతగా వదిలేయొచ్చు.

ఎక్కడ వెతకాలి

సోషల్ మీడియా మీద ఆధారపడితే మీకు కోపం తెప్పించేవే కళ్లముందుకొస్తాయి, మీకు పనికొచ్చేవి కాదు. నెమ్మదిగా వచ్చే చోట్లు ఐదారు ఎంచుకుని, వాటిలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్ యాప్‌లో చేర్చుకోండి. వారానికి రెండుసార్లు తెరిస్తే చాలు. తెలుగులో ఈమాటలాంటి వెబ్ పత్రికలు, దినపత్రికల ఆదివారం అనుబంధాలు. చెన్నై ఊరి సంగతులకు 1991 నుంచి వస్తున్న మద్రాస్ మ్యూజింగ్స్ అనే ఇంగ్లీషు పక్షపత్రిక. ఆగస్టు 22 చుట్టూ మద్రాస్ డే పేరుతో ఊరంతా ఉపన్యాసాలు, నడకలు జరుగుతాయి. ఏడాదికి సరిపడా ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి. జనవరిలో నందనం వైఎంసీఏ మైదానంలో పుస్తకాల పండుగ సంక్రాంతి రోజుల్లోనే పడుతుంది కాబట్టి, ఊరెళ్లేలోపో వచ్చాకో ఒక పూట దానికి ఉంచుకోండి. తెలుగు స్టాళ్లు ఎక్కువుంటాయని ఆశపడకండి.

తమిళం సంగతి. ఏళ్లతరబడి ఇక్కడే ఉండి కూరగాయల బేరం దగ్గర్నుంచి ఆటో గొడవ దాకా తమిళంలో దంచేవాళ్లు కూడా బస్సు బోర్డు దాటి చదవరు. మనలో ఈ బాపతు చాలామంది. తమిళ పురావస్తు పరిశోధన, గుడి శాసనాలు, ఊరి చరిత్ర గురించి తమిళంలో వచ్చే రాతలకు ఇంగ్లీషు అనువాదాలు ఆలస్యంగా వస్తాయి, సగమే వస్తాయి. మాట వచ్చు కాబట్టి అక్షరాలు నేర్చుకుంటే చాలు, పని అయిపోతుంది. అప్పటిదాకా ఫోన్ చేత చదివించుకుని వినండి. మాట వచ్చినవాళ్లకి మెషీన్ అనువాదం కంటే అదే నయం.

రెండు నిమిషాల జల్లెడ

వ్యాసం మొదటినుంచీ చదవకండి. ముందు మధ్యలో ఒక పేరా, చివర ఒక పేరా చూడండి. మొదటి పేరా అందరూ బాగానే రాస్తారు. మధ్యలో సరుకు లేకపోతే ఇంకెక్కడా ఉండదు. "నిపుణులు అంటున్నారు", "ఒక అధ్యయనం ప్రకారం" అని రాసి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనేది చెప్పకపోతే అక్కడే వదిలేయండి.

అంకెలు కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయాలి. ఇది ఏ ఏడాది లెక్క? ఎవర్ని లెక్కపెట్టారు? మన దేశంలో 2011 తర్వాత జనగణన జరగలేదు. తరువాతిదానికి 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా కేంద్రం ప్రకటించింది. కాబట్టి ఏ భాషవాళ్లు ఎంతమంది, ఏ ఊళ్లో జనం ఎంత అని "తాజా లెక్కల ప్రకారం" రాస్తే అది 2011దో, దానిమీద కట్టిన అంచనానో అయ్యుంటుంది. చెన్నైలో తెలుగువాళ్ల శాతం గురించి తిరిగే మెసేజ్‌లన్నీ ఈ జల్లెడలో రాలిపోతాయి.

రెండో ప్రశ్నకు ఉదాహరణ. 2019లో కేంద్రం దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని ఆ సర్వే మీద వచ్చిన వ్యాసాలు రాశాయి. 97 నిమిషాలంటే గంటన్నర పైనే. మన ఇళ్లలో మగవాళ్లందరూ అంత చేస్తున్నారా అని అనుమానం రావాలి. నివేదిక తెరిస్తే, ఆ సగటు ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లది మాత్రమే. అలా చేసిన మగవాళ్లు 26.1 శాతం, ఆడవాళ్లు 81.2 శాతం. అంటే నలుగురు మగవాళ్లలో దాదాపు ముగ్గురు ఆ రోజు ఇంటిపని ముట్టుకోనేలేదు. అంకె తప్పు కాదు, దాని కింద ఉండాల్సిన వాక్యం ఎగిరిపోయింది. ఇలాంటిది ఒక్కటి పట్టుకుంటే ఆ సబ్జెక్టు మీద పది వ్యాసాలు చదివినంత లాభం.

మూలం దాకా వెళ్లడం

అసలు పని ఇక్కడుంది. టైమ్ కూడా దీనికే ఎక్కువ ఇవ్వండి.

2025 జనవరి 23న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ పురావస్తు శాఖ నివేదికని విడుదల చేశారు. తమిళ నేల మీద ఇనుము వాడకం 5,300 ఏళ్ల కిందటే ఉందని మర్నాడు హెడ్డింగులు. కొందరు పండగ చేసుకున్నారు, కొందరు వెక్కిరించారు. నివేదిక తెరిచినవాళ్లు రెండు పక్కలా తక్కువే. తెరిస్తే ఏం కనిపిస్తుంది? తూత్తుకుడి జిల్లా శివగళై తవ్వకంలో దొరికిన నమూనాలకు వచ్చిన తేదీలు క్రీ.పూ. 2953 నుంచి 3345 దాకా ఉన్నాయి. పరీక్షలు చేసినవి అమెరికాలోని బీటా అనలిటిక్, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల. అంతకుముందు 2022లో, మనవాళ్లు బాగా ఉండే కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారై తవ్వకానికి ప్రకటించిన తేదీ క్రీ.పూ. 2172. మూడేళ్లలోపే తేదీ పదకొండు వందల ఏళ్లకు పైగా వెనక్కి జరిగింది. ఇది ఉత్సాహపడాల్సిన విషయమే, ఆగి చూడాల్సిన విషయం కూడా.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న: తేదీ దేనికి వచ్చింది? కార్బన్ పరీక్ష బొగ్గుకు చేస్తారు. ఆ చెట్టు ఎప్పుడు చచ్చిందో అది చెబుతుంది, పక్కనున్న కత్తి ఎప్పుడు చేశారో కాదు. ఎప్పటిదో పాత దుంగని తర్వాత కాలంవాళ్లు కాలిస్తే బొగ్గు పాతదిగానే తేలుతుంది. ఇంకో పద్ధతి కుండపెంకులోని రేణువులు చివరిసారి వేడినో వెలుగునో ఎప్పుడు చూశాయో చెబుతుంది. అంటే ఇనుముకూ ఆ తేదీకీ ముడి వేసేది తవ్వకం జరిగిన తీరు: రెండూ ఒకే కుండలో ఉన్నాయా, మట్టి పొర ఎప్పుడైనా కదిలిందా, ఎన్ని నమూనాలు ఒకదానితో ఒకటి కలిశాయి. ఇవి చూసే వ్యాసం దొరికితే అది ఎంత పొడుగున్నా చదవండి. తేదీ చెప్పి గర్వపడమనో నవ్వమనో చెప్పేది ఎంత బాగా రాసినా వదిలేయండి. నాకు ఆ నివేదిక గట్టిదే అనిపించింది, కానీ ఇంకో రెండు మూడు చోట్ల ఇలాంటి తేదీలే వచ్చేదాకా పాఠ్యపుస్తకాలు తిరగరాయొద్దు.

మూలం పాత తెలుగు పుస్తకం అయితే రెండు చిక్కులు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలున్నాయి. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. దీర్ఘానికి ఒకరు ఒక ఏ రాస్తారు, ఇంకొకరు రెండు. శ, ష, స లకి అయితే లెక్కే లేదు. ఒక పేరుని నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. దొరక్కపోతే రచయిత పేరుతో, అదీ కాకపోతే ప్రెస్సు పేరుతో వెతకండి. లోపల పాఠంలో వెతకడం చాలా పుస్తకాలకు కుదరదు, అప్పుడు విషయసూచిక పేజీయే దిక్కు. కందుకూరి, గురజాడలాంటివాళ్ల రచనలు కొన్ని తెలుగు వికీసోర్స్‌లో టైపు చేసి ఉన్నాయి, అక్కడైతే వెతకడం హాయి. రెండో చిక్కు లైబ్రరీ కేటలాగులది. మన ఇంటిపేరు ముందుంటుందని కేటలాగు రాసినవాళ్లకి ఒక్కోసారి తెలీదు. కందుకూరి కింద దొరక్కపోతే వీరేశలింగం కింద చూడండి.

ఎగ్మోర్‌లో ఒక రోజు

కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ చేరాల్సిన నాలుగు చోట్లలో ఇదొకటి. అందరు ప్రచురణకర్తలూ పంపారని కాదు, కానీ విజయవాడలో కూడా దొరకని తెలుగు పుస్తకం ఇక్కడ ఉండే అవకాశం ఎక్కువ. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ ఏడాది కాగితం మీద రాసుకుని వెళ్లండి. కౌంటర్ దగ్గర నోటితో చెబితే తెలుగు పేర్లు తారుమారవుతాయి.

అదే ఆవరణలో ప్రభుత్వ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. ఇంట్లో అమరావతి స్తూపం మీద ఏదైనా కొత్త వ్యాసం చదివి, నేరుగా అమరావతి గ్యాలరీకి వెళ్లాలి. కథ క్లుప్తంగా ఇది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కడుతున్నప్పుడు దిబ్బలోంచి చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. చాలా రాళ్లు కట్టడాలకు పోయాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి, తర్వాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లని మద్రాసు చేర్చాడు. ఈ మ్యూజియం మొదలైందే 1851లో, అంటే రాళ్లు వచ్చేనాటికి వాటికి ఇల్లే లేదు. 1859లో 121 రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

మ్యూజియంలో చేయాల్సిన పని ఒకటే. వ్యాసంలో వర్ణించిన ఒక్క ఫలకం ముందు పావుగంట నిలబడి, రాసింది కంటికి కనిపిస్తోందా అని చూడండి. వ్యాసకర్త బొమ్మల పుస్తకం చూసి రాశాడా, రాయి ముందు నిలబడి రాశాడా అన్నది తెలిసిపోతుంది. "దోచుకుపోయారు" అని ఒకే మాటలో తేల్చేసే రాతలు మీకు తర్వాత పల్చగా అనిపిస్తాయి. ఆ కథలో కంపెనీ దొరలతో పాటు మన జమీందారు, ఇళ్ల గోడలకు రాళ్లు మోసుకెళ్లినవాళ్లు, మద్రాసులో ఏళ్లపాటు ఎండకీ వానకీ వదిలేసినవాళ్లు అందరూ ఉన్నారు.

మైలాపూర్ వైపు వెళితే రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం కూడా ఇలాగే పనికొస్తుంది. ఆయన 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూసింది ఆ ఇంట్లోనే. భాషారాష్ట్రాల మీద కొత్త వ్యాసం ఏదొచ్చినా ముందు ఆ తేదీలతో సరిచూడండి.

లోతుగా చదవడానికి ఇంట్లో చోటు లేకపోతే కొట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయంలో మన సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే విభాగం ఉంది. పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి.

టెక్నాలజీ రాతలకు వేరే లెక్క

వీటికి ఒక మోటు పరీక్ష. వ్యాసంలో "మార్చేస్తుంది", "రాబోతోంది", "తలకిందులు చేయబోతోంది" లాంటి క్రియలకు గీత గీయండి. సగం పైన అవే ఉంటే అది ప్రకటన. "చేసింది", "ఆగిపోయింది", "ఇంత ఖర్చయింది" అని ఉన్నవి ఉంచండి. ఏఐ గురించి రోజూ వచ్చిపడేదాంట్లో ఈ పరీక్ష నెగ్గేది చాలా తక్కువ. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో ఉద్యోగం చేసేవాళ్లకి ఇది బాగా అవసరం. టెన్షన్ పెట్టే రాతలన్నీ భవిష్యత్తులోనే ఉంటాయి.

తర్వాత, ఆ టెక్నాలజీ నడవడానికి చెమటోడ్చేది ఎవరో చెప్పే వ్యాసం వెతకండి. పార్సిల్ అబ్బాయి ప్రశ్నకు మూలం చట్టమే. సామాజిక భద్రతా కోడ్ 2020లో పాసైంది, అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. గిగ్ వర్కర్ (నెలజీతం ఉద్యోగం కాకుండా పనికింతని చేసేవాళ్లు) అనే మాటకి కేంద్ర చట్టంలో నిర్వచనం ఇచ్చింది ఇదే. యాప్ కంపెనీలు ఏడాది టర్నోవరులో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలి, కానీ అది వర్కర్లకు చెల్లించేదాంట్లో 5 శాతం దాటకూడదు. రాష్ట్రాల్లో ముందుగా ప్రత్యేక చట్టం చేసింది రాజస్థాన్, 2023లో. చట్టం చదివేటప్పుడు నిర్వచనాల సెక్షన్ ముందు చదవండి, తర్వాత "చేయవచ్చు" ఎక్కడుంది, "చేయాలి" ఎక్కడుంది చూడండి. నిధి ఉండటం వేరు, ప్రమాదం జరిగిన రోజు ఆస్పత్రిలో డబ్బు అందడం వేరు. ఈ తేడా చెప్పని వ్యాసం పార్సిల్ అబ్బాయికి పనికిరాదు, మీకూ పనికిరాదు.

ఇంకొకరికి పంపడం

నెలకు నాలుగుకి మించి పంపకండి. అంతకంటే ఎక్కువైతే గ్రూపులో ఎవరూ తెరవరు, పైగా గుడ్ మార్నింగ్ పూలతో పాటు మీ లింకులూ కిందికి పోతాయి. ఒట్టి లింకు కాకుండా మూడు ముక్కలు రాయండి: దేని గురించి, మీకు కొత్తగా తెలిసింది ఏమిటి, ఇంకా తేలనిది ఏమిటి. ఉదాహరణకు:

"బాబాయ్, అమరావతి రాళ్ల మీద ఇది చదువు, పావుగంట పడుతుంది. మద్రాసు మ్యూజియం పుట్టకముందే ఆ రాళ్లు ఇక్కడికి వచ్చాయట. గుంటూరులో మిగిలినవి ఎక్కడెక్కడ వాడేశారో ఇందులో సరిగ్గా లేదు, నీకు తెలిస్తే చెప్పు."

ఇలా అడిగితే జవాబొస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లకి తెలిసినవి ఏ లైబ్రరీలోనూ ఉండవు.

పుస్తకం స్కాన్లు పంపేటప్పుడు ఒక చూపు వేయండి. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెడితే 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. అంతకంటే పాతవాళ్లవైతే ఫైలు పంపొచ్చు, కొత్తవాళ్లవైతే ఎక్కడ కొనాలో చెప్పండి.

పిల్లల సంగతి వేరు. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయ్యాక, ఇక్కడ పెరిగిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం కూడబలుక్కుంటారు. వాళ్లకి తెలుగు వ్యాసం లింకు పంపితే గౌరవంగా ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతే. మీరే ఒక పేరా చదివి వాయిస్ మెసేజ్ పెట్టండి, మూడు నిమిషాలు దాటకుండా. వాళ్లు చదివిన తమిళ, ఇంగ్లీషు రాతల్లో ఒకటి తెలుగులో చెప్పమని అడగండి. మదురై దగ్గర తవ్వకాల్లో పాత ఊరు బయటపడిన కీళడి గురించి వాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు.

మీరు పంపినదాంట్లో తప్పుందని తర్వాత తేలితే పాత మెసేజ్ డిలీట్ చేయొద్దు. దానికే రిప్లై పెట్టి, ఏది తప్పో, సరైనది ఎక్కడ దొరికిందో రాయండి. ఆ వ్యాసాన్ని ఇంకెవరికైనా ఫార్వర్డ్ చేసినవాళ్లుంటే వాళ్లకీ పంపమని అడగండి.